మీ లక్ష రూపాయలతో ఎంతమంది పిల్లలు కోలుకుంటారు?

పిల్లల పోషకాహార లోపం గురించి, ఆ పేరుతో విరాళాలు అడిగే సంస్థల గురించి ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి ఈ వారం జవాబులు. మొదటి దానికే ఎక్కువ చోటు పట్టింది, మిగతా అందరి సందేహాలూ చివరికి అక్కడికే వస్తున్నాయి కాబట్టి.

ప్రశ్న: సార్, మా నాన్నగారి సంవత్సరీకానికి భోజనాల ఖర్చు తగ్గించుకుని ఒక లక్ష రూపాయలు పిల్లల పోషకాహారానికి ఇద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. రెండు సంస్థల కాగితాలు మా దగ్గరున్నాయి. ఒకరు 500 రూపాయలకు ఒక చిన్నారి ప్రాణం నిలుస్తుందంటున్నారు. రెండోవాళ్లు ఒక్కో బిడ్డకు 12,000 ఖర్చవుతుందని రాశారు. ఇరవై నాలుగు రెట్ల తేడా! మొదటివాళ్లకే ఇద్దామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. మీరేమంటారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి)

జవాబు: మాస్టారూ, తమ్ముడిని కాస్త ఆగమనండి. ఆ రెండు అంకెలూ ఒకే వస్తువు ధరలు కావు. 500 రూపాయలకు బహుశా ఒక బిడ్డకు కొన్నాళ్లకు సరిపడా పిండి ప్యాకెట్లు వస్తాయి. ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ ఆ ప్యాకెట్లతో ప్రాణం నిలిచిందని అనాలంటే, అవి అందకపోతే ఆ బిడ్డ చనిపోయి ఉండేది అని కూడా చెప్పగలగాలి. ఆ మాట వాళ్ల కాగితంలో ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉండదు.

ముందు వాళ్లు ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నారో అడగండి. సన్నగా ఉన్న పిల్లలందరూ ఒకటి కాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, ఎత్తుకు తగ్గ బరువు మరీ తక్కువగా ఉన్నా, రెండు పాదాలకూ నీరు పట్టి వేలితో నొక్కితే గుంట పడుతున్నా అది తీవ్ర పోషకాహార లోపం. అంగన్‌వాడీల్లో శామ్ పిల్లలు అనేది వీళ్లనే. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే మధ్యస్థం, మామ్ అంటారు. ప్రాణాపాయం శామ్ పిల్లలకే చాలా ఎక్కువ, ఎందుకంటే వాళ్లకు విరేచనాలో న్యుమోనియానో వస్తే తట్టుకునే శక్తి ఉండదు. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 16.1 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేరు. ఈ రెండో గుంపులో కూడా తీవ్రమైన వాళ్లు ఒక భాగమే. ఊళ్లో పిల్లలందరికీ బిస్కెట్లు, పాలపొడి పంచి ‘ఇంతమందిని కాపాడాం’ అని రాసుకునే సంస్థ ఈ తేడాను చెప్పదు.

ఆ కొలత ఎంత సున్నితమో దగ్గర నుంచి చూస్తే గానీ తెలియదు. కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేసుకునే యానాది కుటుంబాల పిల్లలకు కొలతలు తీస్తుంటే చూశాను. తల్లి ఒళ్లో బిడ్డ, ఎడమ చెయ్యి వదులుగా వేలాడాలి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో రంగుల టేపు చుట్టాలి. బిడ్డ ఏడ్చి చెయ్యి ముడుచుకుంటుంది, టేపు రవ్వంత బిగిస్తే ఎరుపు రంగులోకి (శామ్) పోతుంది, కాస్త వదిలితే పసుపు (మామ్). ఆ రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో బిడ్డ జాబితాలోకి వస్తుంది, లేదా జాబితా నుంచి పోతుంది. అందుకే మంచి సంస్థ కొలతలు తీసేవాళ్లకు శిక్షణ ఇస్తుంది, మధ్యమధ్యలో ఇంకొకరితో మళ్లీ కొలిపించి సరిచూస్తుంది. దీనికి జీతాలు కావాలి, బండి పెట్రోలు కావాలి. మీ రెండో కాగితంలోని 12,000లో ఇవన్నీ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పరిపాలన ఖర్చు తక్కువ చూపించేవాళ్లే నిజాయితీపరులని మనలో చాలామంది నమ్ముతారు, నేను నమ్మను. సూపర్‌వైజర్ లేని చోట తప్పు కొలతను పట్టుకునేవాళ్లుండరు.

ఇప్పుడు అసలు లెక్క. మీరు లెక్కలు చెప్పిన మాస్టారో కాదో తెలియదు గానీ, ఇది ఐదో తరగతి లెక్కే. అంకెలు నేను ఉదాహరణకు ఊహించినవి. ఒక సంస్థ 20 లక్షలు ఖర్చుపెట్టి 200 మంది శామ్ పిల్లలకు వైద్యం చేసిందనుకుందాం, తలకు 10,000. వైద్యం అందకపోతే నూటికి పదిమంది, అందితే ఇద్దరు చనిపోయే ప్రాంతమైతే, నూటికి ఎనిమిది ప్రాణాలు దక్కినట్టు. 200 మందిలో 16 ప్రాణాలు, అంటే ప్రాణానికి 1.25 లక్షలు. అదే సంస్థ, అదే ఖర్చు, కానీ వైద్యం లేకపోయినా నూటికి ముగ్గురే, వైద్యంతో ఒక్కరే చనిపోయే ప్రాంతమైతే? దక్కినవి నాలుగు ప్రాణాలు, ఒక్కోదానికి 5 లక్షలు. ఆ పిల్లల్లో సగం మందికి ఈ సంస్థ రాకపోయినా ప్రభుత్వ ఆసుపత్రిలో అదే వైద్యం అందేదైతే, దక్కినవి రెండే, ఒక్కోదానికి 10 లక్షలు. తలకు అయిన ఖర్చు పైసా మారలేదు చూడండి. ఫలితం ఎనిమిది రెట్లు మారింది.

అందుకే ‘ఒక్కో బిడ్డకు ఎంత?’ అనే ప్రశ్నతో ఆగిపోవద్దని అందరికీ చెబుతుంటాను. మీ డబ్బు రాకపోతే ఆ బిడ్డకు ఏమయ్యేది? అసలు అడగాల్సింది ఇది.

ఈ పనిని వృత్తిగా చేసేవాళ్లున్నారు. అమెరికాలో 2007లో మొదలైన గివ్‌వెల్ అనే సంస్థ, విరాళాలు ఎక్కడ ఎక్కువ ఫలితమిస్తాయో లెక్కలు కట్టి అందరూ చదివేలా బయట పెడుతుంది. పోషకాహార లోపం విషయంలో వాళ్లకే లెక్క తెగక తలనొప్పి. ఎందుకంటే సగం మంది పిల్లలకు వైద్యం చేసి, సగం మందిని ఊరికే వదిలేసి ఏమవుతుందో చూడటం ఘోరం, అలాంటి పరిశోధన ఎవరూ చెయ్యకూడదు. కాబట్టి వైద్యం లేకపోతే ఎంతమంది చనిపోతారన్నది పాత కాలపు సమాచారం నుంచి అంచనా కట్టాల్సిందే. అయినా వాళ్లు ఆ అంచనాలు, వాటి వెనకున్న అనుమానాలు అన్నీ రాస్తారు. ఇంకో మాట. దోమతెరల లాంటి చవకైన, బాగా పరీక్షించిన పనుల్లో కూడా ఒక ప్రాణం దక్కడానికి కొన్ని వేల డాలర్లవుతుందని వాళ్ల లెక్క, మన డబ్బుల్లో లక్షలు. దాని పక్కన 500 రూపాయల మాటను పెట్టి చూడండి.

మీ లక్ష నేనైతే రెండోవాళ్లకే ఇస్తాను, కానీ ఒక ఫోన్ చేసి నాలుగు సంగతులు అడిగాక. గత ఏడాది ఎంతమంది శామ్ పిల్లల్ని చేర్చుకున్నారు, ఎలా కొలిచారు, వాళ్లలో ఎంతమంది మధ్యలో మానేశారు, కోలుకున్నాక ఆరు నెలలకు మళ్లీ వెళ్లి చూశారా. అవతలివాళ్లు తడుముకోకుండా అంకెలు చెప్పినా, ‘ఇది మా దగ్గర లేదు సార్, వచ్చే ఏడు నుంచి రాస్తాం’ అన్నా నాకు నమ్మకం కుదురుతుంది. ఏడుస్తున్న బిడ్డ ఫొటో వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: మా ప్రాంతంలో పనిచేసే ఒక సంస్థ 98 శాతం పిల్లలు కోలుకున్నారని బ్యానర్ కట్టింది. నమ్మొచ్చా? (గృహిణి, పొదిలి)

జవాబు: అమ్మా, నిజమే కావచ్చు, కానీ ఆ అంకె అంత బాగుంటే నాకు ఇంకా ఎక్కువ అనుమానం. కరువు, యుద్ధం లాంటి ఆపదల్లో పనిచేసేవాళ్లు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో కోలుకున్నవాళ్లు 75 శాతానికి పైగా, మరణాలు 10 శాతంలోపు, మధ్యలో మానేసినవాళ్లు 15 శాతంలోపు ఉంటే ఆ కార్యక్రమం బాగున్నట్టు లెక్క. అంటే నూటికి ఇరవై మంది పైచిలుకు కోలుకోకపోయినా అది మంచి పనే అనిపించుకుంటుంది, ఆ జబ్బు అంత మొండిది.

98 ఎలా వస్తుందో చెబుతాను. ఒకటి, అంత జబ్బు లేని పిల్లల్ని చేర్చుకుంటే. వాళ్లు ఎలాగూ పుంజుకుంటారు. రెండు, మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే. మన వైపు ఇది చాలా జరుగుతుంది, కావాలని కాదు. కనిగిరి, పామూరు వైపు నుంచి కుటుంబాలు పనులకు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతే బిడ్డ పేరు రిజిస్టర్‌లోంచి మాయమవుతుంది. ఆ బిడ్డ కోలుకుందో లేదో ఎవరికీ తెలియదు. అలాంటి పేర్లు తీసేశాక మిగిలిన వాళ్లతో శాతం కడితే ఎంతైనా వస్తుంది. కాబట్టి అడగాల్సింది: చేర్చుకున్న ప్రతి వందమందిలో ఎంతమంది?

మూడోది, బ్యానర్ మీద ఎవరూ రాయనిది, మళ్లీ తిరగబెట్టడం. కొన్ని ఆఫ్రికా దేశాల్లో, కోలుకున్నారని పంపేసిన పిల్లల్ని ఆరు నెలలు గమనిస్తే, ఐదుగురిలో ఒకరి నుంచి, ఒక చోట సగం మందికి పైగా వరకు మళ్లీ పోషకాహార లోపంలోకి జారారు. ఇంట్లో అదే పేదరికం, అవే నీళ్లు, అవే విరేచనాలు. మన దగ్గర ఎన్‌ఆర్‌సీ అనే పోషకాహార పునరావాస కేంద్రాలకు కూడా నిబంధనల్లో ఇంటికి పంపాక పదిహేను రోజులకోసారి చొప్పున రెండు నెలలు మళ్లీ చూపించుకోవాలని ఉంది. ఆ రావడమే కష్టం. కూలి మానుకుని, మిగతా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, రెండు బస్సులు మారి ఆసుపత్రికి రావాలంటే ఏ తల్లికైనా టెన్షనే. ఆ తల్లికి బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఇచ్చి, వెంట ఒక మనిషిని పంపే సంస్థ మీ దగ్గర ఉంటే చూడండి. అదేమంత గొప్పగా కనపడే పని కాదు గానీ, ఇక్కడ ప్రభుత్వ వైద్యం ఉండి కూడా అందనిది అక్కడే. తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం వచ్చే చోటు మన జిల్లాల్లో అదేనని నా అభిప్రాయం.

ప్రశ్న: అన్నయ్యా, ఆఫ్రికాలో పిల్లలకు వేరుశెనగ పేస్ట్ ప్యాకెట్లు ఇస్తే అద్భుతంగా కోలుకుంటున్నారట. వేరుశెనగకు మనకేం కొదవ? మా ఆఫీసువాళ్లం చందాలు వేసుకుని అలాంటివి చేయించి అంగన్‌వాడీలకు ఇస్తే? (ప్రైవేటు ఉద్యోగిని, నెల్లూరు)

జవాబు: చెల్లీ, నీ ఆలోచన వెనకున్న మనసు గొప్పది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆ ప్యాకెట్లను 1996లో ఫ్రాన్స్‌లో ఆంద్రే బ్రియాండ్ అనే వైద్యుడు, మిషెల్ లెస్కాన్ అనే ఆహార సాంకేతిక నిపుణుడు కలిసి తయారుచేశారు. పేరు ప్లంపీనట్. వేరుశెనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు. 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కేలరీలు. నీళ్లు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు, త్వరగా చెడిపోదు. అంతకుముందు తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డను వారాల తరబడి ఆసుపత్రిలో పెట్టి ప్రత్యేకమైన పాలు తాగించాల్సి వచ్చేది. ఈ ప్యాకెట్ వచ్చాక, వేరే జబ్బు లేక ఆకలి బాగున్న బిడ్డకు ఇంట్లోనే వైద్యం చేయొచ్చని తేలింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితరులు ఈ పద్ధతికి ఆమోదం తెలిపారు. ఖర్చు తగ్గింది, చేరే పిల్లలు పెరిగారు. ఆఫ్రికా కార్యక్రమాల్లో బిడ్డకు మొత్తం ఖర్చు తరచుగా 100 నుంచి 200 డాలర్ల దాకా ఉంటుంది, ప్యాకెట్ల ధర అందులో ఒక భాగమే. మిగతాది మనుషులు, మందులు, రవాణా.

కానీ మన దగ్గర కథ వేరు. ఈ ప్యాకెట్లను జాతీయ విధానంగా కేంద్రం తీసుకోలేదు, అదే మాట చెబుతూ 2017లో మహిళా శిశు సంక్షేమ శాఖ రాష్ట్రాలకు లేఖ కూడా రాసింది. ఇంట్లో వండిన తిండి అలవాటు పోతుందని, కంపెనీల చేతికి పోతుందని పోషకాహార రంగంలోనే గట్టిగా వాదించేవాళ్లున్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయితే ఢిల్లీ, రాజస్థాన్, తమిళనాడుల్లో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, మన దేశంలోనే తయారైన పేస్ట్ తిన్న పిల్లల్లో దాదాపు 57 శాతం కోలుకుంటే, బలవర్ధకంగా ఇంట్లో వండి పెట్టినవాళ్లలో 43 శాతం కోలుకున్నారు. తేడా ఉంది, కానీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత కాదు. పైగా మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో శామ్ పిల్లల మరణాలు ఆఫ్రికా అంకెల కంటే తక్కువగానే కనపడ్డాయి. అంటే అక్కడ పేస్ట్ వల్ల దక్కినన్ని ప్రాణాలు ఇక్కడ దక్కుతాయని అనుకోవడానికి లేదు.

ఇక మీ చందా సంగతి. దయచేసి సొంతంగా పేస్ట్ చేయించి పంచొద్దు. వేరుశెనగకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, పరీక్ష చెయ్యని సరుకు నీరసించిన బిడ్డకు పెట్టకూడదు. ఖనిజాల పాళ్లు తప్పినా ప్రమాదమే. అసలు పేస్ట్ మొదలుపెట్టే ముందు ప్రతి బిడ్డకూ ఆకలి పరీక్ష చేస్తారు, ఎదురుగా కొంచెం తినిపించి చూస్తారు. తినలేకపోతే లోపల ఏదో జబ్బుందని అర్థం, ఆసుపత్రికి పంపాలి. అది తెలియకుండా ప్యాకెట్ చేతిలో పెట్టి పంపితే మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో కాస్త బరువు తక్కువున్న బిడ్డ ఉంటే అది వేరే సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో ‘హైదరాబాద్ మిక్స్’ అని ఒకటి చెప్పింది: వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశెనగ గుళ్లు, బెల్లం. అన్నీ పొడి కొట్టి పెట్టుకోవచ్చు, మంచి గుళ్లు ఏరి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఆ జాతిదే. కానీ శామ్ బిడ్డకు ఇది వైద్యం కాదు, ఆ బిడ్డను వెంటనే అంగన్‌వాడీ టీచరుకో ఏఎన్ఎంకో చూపించాలి.

మీ ఆఫీసువాళ్ల డబ్బు నిజంగా పనికిరావాలంటే, పైన పొదిలి అమ్మకు చెప్పిన పని చేసేవాళ్లను వెతకండి. లేదా తల్లులకే జబ్బ కొలత టేపులిచ్చి నేర్పేవాళ్లను. నైజర్‌లో అలీమా అనే వైద్య సంస్థ ఈ పద్ధతి ప్రయత్నించి చూసింది. తల్లులు బాగానే కొలవగలిగారు, పిల్లలు మరీ చిక్కిపోకముందే వైద్యానికి వచ్చారు. టేపు ఖరీదు ఏపాటి? ముందుగా దొరికిన బిడ్డకు ఆసుపత్రి అవసరం తగ్గుతుంది, మొత్తం ఖర్చే తగ్గుతుంది.

ప్రశ్న: ఒక్కో రూపాయికి ఎక్కువ ప్రాణాలు దక్కేది ఆఫ్రికాలోనే అయితే, మన పిల్లల్ని వదిలేసి అక్కడికి పంపాలా? మనసొప్పడం లేదు. (ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: తమ్ముడూ, మనసొప్పకపోవడంలో తప్పేం లేదు. లెక్క మాత్రం లెక్కే. ఉత్తర నైజీరియాలోనో చాద్‌లోనో వైద్యం అందని శామ్ బిడ్డకు చావు ముప్పు మన బిడ్డ కంటే ఎక్కువ, అక్కడ ప్రభుత్వ వ్యవస్థ కూడా పలచన. కేవలం ప్రాణాల లెక్కే చూసేవాళ్లు అక్కడికే ఇస్తారు, వాళ్లను నేను గౌరవిస్తాను. విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే మనకు పన్ను రాయితీ రాదన్నది వేరే విషయం.

కానీ మన పిల్లలకు ప్రాణం ఒక్కటే సమస్య కాదు కదా. చిక్కిపోయి, ఎదగక, బడిలో నీరసంగా కూర్చునే బాల్యం కూడా నష్టమే, దాన్ని అంకెల్లో పెట్టడం ఇంకా కష్టం. నువ్వు ఇక్కడే ఉంటావు కాబట్టి నీకొక సౌకర్యం ఉంది: వెళ్లి చూడొచ్చు, రిజిస్టర్ చూపించమని అడగొచ్చు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ అడగొచ్చు. దూరాన ఉన్న దాతకు ఆ వీలు లేదు. ఇక్కడ ఇస్తే ఆ పని కూడా చెయ్యి. ఊరికే డబ్బు పంపి మర్చిపోయేట్టయితే మాత్రం, తన లెక్కలన్నీ బయట పెట్టే సంస్థకు, అది ఎక్కడున్నా, ఇవ్వడమే మేలంటాను.

ప్రశ్న: సంస్థ నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? రసీదు సంగతేంటి? (కిరాణా వ్యాపారి, ఉదయగిరి)

జవాబు: సంస్థకు పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ, దాతకు ఇచ్చే 80జీ రిజిస్ట్రేషన్ నంబర్లు అడగండి, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో సరిచూడొచ్చు. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో కూడా పేరు వెతకండి. విదేశీ నిధులు తీసుకునే సంస్థ అయితే ఏటా లెక్కలు సమర్పించాలి, అవి చూపించమనండి. రిజిస్ట్రేషన్ ఉందంటే కాగితాల మీద నమోదైన సంస్థ అని మాత్రమే అర్థం, బాగా పనిచేస్తుందని కాదు, దానికి పైన కావలి మాస్టారికి చెప్పిన నాలుగు ప్రశ్నలే దారి.

నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే 80జీ మినహాయింపు రాదు, కాబట్టి చెక్కో యూపీఐనో వాడండి. ఏడాది ముగిశాక 10బీఈ అనే సర్టిఫికెట్ వాళ్లు మీకివ్వాలి, అది లేకుండా క్లెయిమ్ కుదరదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు అసలు లేదు, ముందే మీ ఆడిటర్‌ను అడిగి చూసుకోండి.